శశికళ ఇంట్లో ఒక్క హీటరు

శశికళ తన గ్యాస్ బిల్లు తెచ్చి తలా ఒక వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో అందరికీ చూపించిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. 1982 జనవరి, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎముకలు కొరికే చలి. వాళ్ళ బిల్లు మా దాంట్లో సగం కూడా లేదు.

"ఇల్లంతటికీ గ్యాస్ ఫర్నేస్ ఎందుకని తగ్గించేసి ఒక్క కరెంటు స్పేస్ హీటర్ పెట్టుకున్నాం, అంతే వదినగారూ!" అంది ఏమీ ఎరగనట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నెలంతా నాకు వెచ్చగా అనిపించింది అప్పుడొక్కసారే.

ఇక్కడి మనవాళ్ళలో ఎవరు కొత్తగా కాపురం పెట్టినా పెరుగుకి తోడు నా దగ్గరే పట్టుకెళ్తారు. నిరుడు శశికళ కూడా చిన్న స్టీలు గిన్నెతో మా గుమ్మంలో నిలబడింది. ఆవిడా నాకు సంసారం నేర్పేది?

మర్నాడే మా వారు రామమోహన్ ఫర్నేస్ థర్మోస్టాట్ యాభై ఐదు ఫారెన్‌హీట్‌కి దించి, హీటరు కొనుక్కొచ్చి ఇంట్లో తన ఆఫీసు గదిలో పెట్టుకున్నారు. "దట్స్ నాట్ ఫెయిర్!" అని మా అబ్బాయి ఉదయ్ గోల చేస్తే వాడికొకటి, అమ్మాయి రేణుకొకటి. ఇంక నేనేం పాపం చేశానని పడకగదిలో నాకొకటి. నాలుగు హీటర్లు, నాలుగు మూసిన తలుపులు. ఆ నెల కరెంటు బిల్లు చూశాక మా వారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అదైనా ఓర్చుకుందును. చల్లబడిపోయిన వంటింట్లో పెరుగు తోడుకోవడం మానేసింది. మూడు రోజులు పాలు పాలలాగే ఉన్నాయి. నాలుగో రోజు కంపు కొట్టాయి. ఆఖరి చెంచా తోడు కూడా అందులోనే పోయింది. శనివారం పాట్‌లక్‌కి దద్దోజనం నాదే, ఏడేళ్ళుగా నాదే.

సిగ్గు చంపుకుని గిన్నె పట్టుకుని శశికళ ఇంటికి వెళ్ళాను.

"రండి రండి, తలుపేసెయ్యండి, వేడి పోతుంది!"

ఒకటే గదిలో ఒకటే హీటరు, ఇంటిల్లిపాదీ అక్కడే. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కారు. వాళ్ళాయన అచ్యుతరావుగారు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పిల్లలిద్దరూ ఒకే బొంతలో దూరి, హోంవర్క్ చేస్తూ ఒకరినొకరు తన్నుకుంటున్నారు. శాలువా చుట్టిన పెరుగు గిన్నె కూడా అక్కడే, వాళ్ళ మధ్యనే ఉంది.

"మీరిచ్చిన తోడే వదినగారూ, ఇంకా అదే నడుస్తోంది," అంటూ శశికళ నా గిన్నెలో రెండు చెంచాలు వేసింది. గడ్డపెరుగు. నేను వచ్చేస్తుంటే వెనక అందరూ దేనికో ఒక్కసారిగా నవ్వారు. నన్ను చూసి కాదు. నన్ను చూసి నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు.

దీని ముందు ఆ గ్యాస్ బిల్లు మీద ఏడ్చిన ఏడుపు ఒక ఏడుపే కాదనిపించింది.

ఇంటికొచ్చి పాలు కాచి తోడు వేశాను. గిన్నెకి నా శాలువా చుట్టి, వెచ్చటి చోట పెడదామని హాల్లోకి వచ్చాను. నాలుగు తలుపులూ మూసే ఉన్నాయి. నా గది తలుపు నేనే తీసుకోవచ్చు. అయినా రేణు తలుపు దగ్గర గిన్నెతో నిలబడి, కొట్టనా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి మెల్లగా కొట్టాను.

"వాట్ డు యు వాంట్, అమ్మా?" అంది రేణు లోపల్నించి, తలుపు తియ్యకుండానే.