టైమక్కకు చెప్పిన టైము

అబద్ధం ఆడేవాడు ఆడి ఊరుకోవాలి గానీ, దానికి సింగారం చెయ్యకూడదు. మన డ్రాయింగు మాస్టారు చేసిన బుద్ధితక్కువ పని అదే. "ఊళ్ళోకి రావడం లేదక్కా, బైపాసు మీదుగా వెళ్ళిపోతున్నాం" అని ఫోను పెట్టేస్తే సరిపోయేది. నమ్మకం కుదరాలని "ఎల్లుండి పదకొండింటికి ఫ్లైఓవరు దాటుతాం" అని టైము కూడా తగిలించాడు. ఎవరికి? ముప్ఫై రెండేళ్ళు బస్టాండులో టైమ్‌కీపరుగా కూర్చుని, వచ్చే బస్సూ పోయే బస్సూ రాసి రాసి, ఊరందరి చేతా టైమక్క అనిపించుకున్న మనిషికి. సాక్షాత్తు తన అక్కకి.

రిటైరయ్యాక మాస్టారు పాత వ్యాను ఒకటి కొని, వెనక మంచం బిగించి, సముద్రం ఒడ్డు నుంచి మంచుకొండల దాకా భార్యతో ఇరవై మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాడు. తొమ్మిదో రోజుకి ఓ మహానగరం తగిలింది. అప్పటికి ఆయన నడుము పట్టేసి కర్రలా అయింది. రెండు రోజులు ఏసీ గదిలో ఒళ్ళు వాల్చాలి, నాలుగు కొట్లు తిరగాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు అనుకున్నాడు. అక్క ఉండేది ఆ ఊళ్ళోనే. ఆవిడ గడప తొక్కితే రెండు రోజులు నాలుగవుతాయి. పైగా మాస్టారు చిన్నప్పుడు పక్క తడిపిన దగ్గర్నుంచి మొదలుపెట్టి పక్కింటివాళ్ళని కూడా పిలిచి మరీ చెబుతుంది. చెప్పే హక్కు ఆవిడకుంది లెండి. తల్లి పోయేనాటికి మాస్టారికి ఏడేళ్ళు. తల దువ్వింది అక్క, అన్నం పెట్టింది అక్క, బస్టాండు జీతంతో డ్రాయింగు చదువు చెప్పించిందీ అక్కే.

"వదినకి తెలిస్తే నొచ్చుకుంటుందండీ, ఒక్క పూటైనా వెళ్ళొద్దాం" అని భార్య చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మాస్టారు వింటేగా. అక్కకి చెప్పిన రోజుకి ముందురోజు సాయంత్రమే ఊళ్ళో లాడ్జిలో దిగారు. ఆయన హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు కూడా.

మర్నాడు పొద్దున పదింటికి చెప్పుల కొట్లో, ఒక కాలికి కొత్త బూటూ ఇంకో కాలికి పాత చెప్పూ వేసుకుని అద్దంలో చూసుకుంటుండగా ఫోను మోగింది. అక్క. ఎక్కడిదాకా వచ్చారని అడిగింది. దార్లోనే ఉన్నాం, ఇంకో గంటలో ఫ్లైఓవరు దాటేస్తామని మాస్టారు తడుముకోకుండా చెప్పాడు.

"తొందరేం లేదురా, నిదానంగా రా. నేను ఫ్లైఓవరు కింద టీకొట్టు దగ్గరే ఉన్నా. ముందొచ్చేస్తారేమోనని తొమ్మిదికే వచ్చేశా. రెండు నిమిషాలు బండి ఆపితే చాలు, చూసి వెళ్ళిపోతా."

మాస్టారి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అక్క ఇంటి నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరు చెప్పిన మనిషి ఆవిడ. ఒంటికాలి బూటుతోనే కొట్లోంచి బయటికి పరిగెత్తబోతే కొట్టువాడు పట్టుకుని వెనక్కి లాగాడు.

నిజం చెప్పెయ్యమంది భార్య. తిడితే ఇద్దరం పడదామంది. ససేమిరా అన్నాడు మాస్టారు. అక్క తిడుతుందని కాదు, తిట్టకపోతే ఏం చెయ్యాలో తెలియదని ఆయన భయం. సిగ్నలు సిగ్నలుకీ ఆగుతూ, ముందున్న ప్రతి బండినీ శపిస్తూ, బైపాసు ఎక్కేసరికి పదకొండున్నర అయింది. ఇక్కడ ఇంకో చిక్కు. ఊళ్ళోంచి వచ్చినవాడు ఊరి బయట నుంచి వచ్చినట్టు కనబడాలంటే, ఫ్లైఓవరు దాటి అవతలికి పోయి, మలుపు తిరిగి మళ్ళీ వెనక్కి రావాలి. అంటే అక్క ముందు నుంచే పోవాలి.

పోయాడు. డివైడరుకి అవతల, టీకొట్టు బల్ల ఖాళీగానే ఉన్నా కూర్చోకుండా, అక్క రోడ్డు అంచున నిలబడి ఉంది. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో గొడుగు. అటు నుంచి వచ్చే ప్రతి వ్యానునీ మెడ సాచి చూస్తోంది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా తల స్టీరింగు మీదికి వంచేసి దాటిపోయాడు. పక్కన భార్య మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం వేసింది మాస్టారికి.

అసహ్యం వేసినవాడు అక్కడితో ఆగాడా అంటే, లేదు. మలుపు తిరిగాక చూసుకుంటే వ్యాను తళతళలాడుతోంది. లాడ్జి వాచ్‌మన్ చేత పొద్దున్నే తనే కడిగించాడు. మూడు వందల మైళ్ళు వచ్చిన బండి ఇలా ఉంటే టైమక్క కళ్ళు కప్పడం బ్రహ్మతరం కాదు. రోడ్డు పక్క పైపు పగిలి బురదగా ఉన్నచోట వ్యాను ఆపి, చేత్తో బురద తీసి అద్దానికీ బంపరుకీ పులిమాడు. డ్రాయింగు మాస్టారు కదా, చక్రం చిమ్మితే ఎక్కడ ఎంత పడుతుందో ఆ లెక్కన చిలకరించాడు.

"ముప్ఫై ఏళ్ళు నేర్పిన విద్య ఇందుకు పనికొచ్చిందా?" అంది భార్య. ఆయన చేతులు కడుక్కుని బండెక్కాడు.

అక్క వాళ్ళని చూడగానే, కదిలే బస్సుని ఆపినట్టు చెయ్యెత్తింది. మరదల్ని కావలించుకుంది. చిక్కిపోయావురా అని తమ్ముడి బుగ్గ పుణికింది. క్యారియరు విప్పి, మూడు గిన్నెలూ టీకొట్టు బల్ల మీద పరిచి, చల్లారిపోయినట్టుంది, ఏమనుకోకండి అంది. మీరు తినండి, ఎండలో పడి వచ్చారు అంటూ, తన చేతి రుమాలు సీసాలో నీళ్ళతో తడిపి వ్యాను అద్దం తుడవడం మొదలుపెట్టింది. ఆ మోకాళ్ళతో మునివేళ్ళ మీద లేచి, పైన అందనిచోట కూడా తుడిచింది.

మాస్టారు చేతిలో ముద్ద గిన్నెలోనే వదిలేశాడు. లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, తుడవకే. నిన్న సాయంత్రం నుంచి ఊళ్ళోనే ఉన్నాం. లాడ్జిలో దిగాం. నీ దగ్గరికి రాబుద్ధి కాలేదు. ఇంట్లో దింపుతా, బండెక్కు."

అక్క రుమాలు పిండింది. బురద నీళ్ళు ఆవిడ చెప్పుల మీద పడ్డాయి.

"తెలుసురా. ఇందాక అటు పోతుంటే చూశా. కనబడ్డావన్న ఆనందంలో చెయ్యి కూడా ఊపా. నువ్వు తల దించుకున్నావు."

అంతలో ఊళ్ళోకి పోయే బస్సు వచ్చింది. అక్క ఖాళీ అయిన గిన్నె ఒకటి భుజానున్న సంచిలో వేసుకుని, మిగతావి దార్లో తినమని మరదలి చేతిలో పెట్టింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, కాసేపు ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగింది.

"ఈసారి వచ్చినప్పుడూ బైపాసు అనే చెప్పు, నేనేమీ అనుకోను, ఇక్కడికే వస్తా. టైము ఒక్కటి నిజం చెప్పరా. ఎక్కువసేపు నిలబడలేకపోతున్నా."