నల్లచుక్కలు

నేను ఒక భూతద్దాన్ని. ఇత్తడి చట్రంలో బిగించిన చిన్న గాజుబిళ్ళను. కాకినాడలో వాచీలు బాగుచేసే మీరాసాహెబు కంటిని అంటిపెట్టుకుని చాలాకాలం బతికాను. జనం సెల్‌ఫోన్లలో టైము చూసుకోవడం మొదలెట్టాక ఆయన కొట్టు కట్టేసి, నన్ను పక్కవీధి జువాలజీ లెక్చరర్ సువర్చలకు ఇచ్చేశాడు.

ఆ ఏడాది ఆమె వీధి కొబ్బరిచెట్లకు తెల్లదోమ పట్టింది. సముద్రాలు దాటి వచ్చిన పురుగట. ఆకుల అడుగున పిండి చల్లినట్టు తెలుపు, పైన మసి. కాలనీ సెక్రటరీ పేర్రాజు మందు కొట్టించాలన్నాడు.

సువర్చల ఒక ఆకు తిరగేసి నన్ను ఆనించింది. తెల్లటి దోమపిల్లల మధ్య కొన్ని నల్లచుక్కల్లా మారి ఉన్నాయి. ఆమె ఆ ఆకుతోనే పేర్రాజు దగ్గరికి వెళ్ళింది.

“పేర్రాజుగారూ, ఈ నల్లవాటి లోపల నలుసంత కందిరీగలు పెరుగుతున్నాయండి. దోమపిల్లల్ని తినేవి అవే. మందు కొడితే ముందు ఇవే పోతాయి.”

“పురుగుని పురుగే తింటుందని కూర్చుంటే చెట్లు మిగలవమ్మా. రేపు బండి వచ్చేస్తుంది.”

అన్నట్టే వచ్చింది. సువర్చల తన గేటుకి తాళం వేసి అడ్డంగా నిలబడింది. ఆమె పెరట్లో చెట్టు ఒక్కటే తడవలేదు.

మర్నాడు వీధిలో రాలిన ఆకు మీద నన్ను పెట్టింది. చిన్నదాన్ని పెద్దగా చూపడం నా పని. ఆ ఉదయం ఆ పనికి ఎందుకు పుట్టానా అనిపించింది. నల్లటి గూళ్ళలోంచి సగం బయటికి వచ్చి, రెక్కలైనా విప్పకుండా చచ్చిన కందిరీగలు. ఎటు జరిపినా అవే. నెలన్నర తిరిగేసరికి తెల్లదోమ మునుపటికంటే దట్టంగా కమ్మింది. ఈసారి దాన్ని తినే ప్రాణి సువర్చల చెట్టు మీద తప్ప వీధిలో లేదు.

పేర్రాజు తనే వచ్చాడు. సువర్చల దాచి ఉంచిన ఆ ఎండుటాకును ఆయన చేతికిచ్చి, నన్ను కంటికి పెట్టింది. నా వెనక ఆ కంటిరెప్ప కొట్టుకోవడం మానేసింది.

“ఇవన్నీ... నేను చంపినవేనా అమ్మా?”

ఆమె తన చెట్టుకు నిచ్చెన వేసి, నల్లచుక్కలున్న ఆకులు కోసి ఆయన చేతులనిండా పెట్టింది. “చెట్టుకో ముక్క కట్టండి. చెట్లను బతికిస్తే ఇవే బతికించాలి.”

సందు మొదట్లో రెండో విడత మందుబండి హారన్ కొట్టింది. పేర్రాజు ఆ ఆకులు గుండెకి అదుముకుని, పరుగున వెళ్ళి బండికి ఎదురుగా నిలబడ్డాడు.