తగ్గించిన దాణా

నూట ఇరవై కిలోమీటర్ల గుర్రప్పందెం అది. మధ్యలో ప్రతి మజిలీ దగ్గరా డాక్టర్ గుర్రం గుండె చూస్తాడు. ఇరవై నిమిషాల్లో గుండె వేగం అరవై నాలుగుకు దిగితేనే ముందుకు వదులుతాడు. పోయినేడాది డెక్కలో రాయి గుచ్చుకుని ఓ అన్నాచెల్లెళ్ల గుర్రం కుంటితే మూడో మజిలీలో ఆపేశారు. అంతే సంగతి. కానీ నోటిదూల వెధవ ఒకడు, దాని మీద స్వారీ చేసిన చెల్లెలి మొహం మీదే, "అంత మనిషిని మోస్తే అదేం చేస్తుంది పాపం!" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె కడుపు మాడ్చుకుంది. ఐదు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది.

గుర్రాన్ని మేపే పని అన్నయ్యది. మంచివాడే, కాకపోతే సొంత తెలివి కాస్త ఎక్కువ. మనిషి తగ్గితేనే ఇంత లాభమైతే గుర్రం కూడా తగ్గితే ఇంకెంత లాభమో అనుకుని, ఎవరికీ చెప్పకుండా దాణా సగానికి కోసేశాడు. గుర్రం ఖాళీ తొట్టి నాకి అతనికేసి చూసేది. "పందెం అయ్యాక కడుపునిండా తిందువుగానిలే" అని మెడ నిమిరేవాడు.

"పక్కటెముకలు తేలుతున్నాయేంటన్నయ్యా?" అని చెల్లెలు ఓసారి అడిగింది.

"పందెం గుర్రం అలాగే ఉండాలి. నీకెందుకు, నేను చూసుకుంటున్నాగా."

నమ్మింది. అన్నయ్య మాట కాదనే అలవాటు ఆమెకి లేదు.

పందెం రోజున రెండో మజిలీకే గుర్రం తడబడుతూ వచ్చింది. బకెట్లకొద్దీ నీళ్లు కుమ్మరించినా గుండె వేగం ఎనభై కిందికి దిగలేదు. కాసేపటికి ముందుకాళ్లు మడిచి కూలబడింది. సెలైన్ రెండో సీసా సగంలో ఉండగానే కళ్లు తేలేసి ప్రాణం విడిచింది.

చెల్లెలు దాని తల ఒళ్లో పెట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. "నా వల్లే. ఇంకో రెండు కిలోలు తగ్గాల్సింది. నిన్న ఆ రెండు ముద్దలూ మానేయాల్సింది."

అన్నయ్యకి ఒక్క క్షణం, బతికిపోయాననిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

డాక్టర్ గుర్రం డొక్క తడిమి చూశాడు. "నీ బరువేం చేయలేదమ్మా. పోయినేడాది నువ్వున్న బరువు కూడా దీనికి లెక్కలోది కాదు. ఒంట్లో సత్తువ లేకుండా దీన్ని పరిగెత్తించారు. ఎవరు మేపేది?"

"అన్నయ్యేనండీ. ప్రాణంలా చూసుకుంటాడు."

అన్నయ్య ముందుకొచ్చాడు. "సగం దాణాయే పెట్టాను."

"ఎప్పట్నుంచి?" అంది చెల్లెలు.

"నువ్వు తిండి మానేసినప్పట్నుంచి. ఇద్దరూ తేలికైతే గెలుస్తారనుకున్నా."

ఆమె ఏడుపు ఆగిపోయింది. గుర్రం మూతిని చేత్తో తుడిచింది.

"రోజూ పొద్దున్నే నా జేబులు వెతికేదన్నయ్యా. గారాలు పోతోందనుకున్నాను."