గేటు బయటి వాళ్ళం

ఆ పొద్దున లెబొనా చీటీలు చేతికివ్వలేదు. కంచె మీద నుంచి విసిరాడు.

సరిహద్దు ఏటి ఒడ్డున, మా మపుత్సో ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీ గేటు ముందు రోజూ నాలుగొందల మంది ఆడవాళ్ళం నిలబడతాం. మంచు పడ్డా కంబళ్ళు కప్పుకుని నిలబడతాం. మా మగవాళ్ళను ఏటి అవతలి బంగారు గనులు ఎప్పుడో వెళ్ళగొట్టాయి. మనుషుల్ని పనిలోకి తీసుకునే గుమస్తా లెబొనా రోజూ వచ్చి, మా వేళ్ళు పట్టి చూసి, ఒకరికో ఇద్దరికో పని చీటీ చేతికిచ్చి లోపలికి పిలిచేవాడు. ఆ రోజు మాత్రం గుప్పెళ్ళతో చీటీలు తెచ్చాడు.

"రెండొందల పనులున్నాయే! చీటీ ఏరుకున్నోళ్ళదే పని! రండి, కోడిపెట్టల్లారా!"

మీద పడ్డాం. నా కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. పటుక్కుమంది. అది ఎవరిదో చెయ్యి అని నాకు తెలుసు. అయినా కాలు తియ్యలేదు. ముందు చీటీ అందుకుని, తర్వాత తీశాను.

మా వరస గదుల్లోనే ఉండే పొలోకెంగ్ చెయ్యి అది. నాలుగు వేళ్ళు విరిగాయి. చేతిని ఒళ్ళో పెట్టుకుని మట్టిలో కూర్చుని, నన్ను చూసి, "నీకు దొరికిందా, కెనెవే?" అనడిగింది.

"దొరికింది" అన్నాను.

సంగతేమిటో మధ్యాహ్నానికి తెలిసింది. నిరుద్యోగం తగ్గించే పథకమట. కొత్తగా ఎవరిని పెట్టుకున్నా ఏడాది పాటు సగం జీతం సర్కారే ఇస్తుందట. శుక్రవారం మంత్రి వచ్చి మమ్మల్ని లోపలికి పంపుతాడట. అదే మధ్యాహ్నం వెనక గేటు తెరిచి, లోపల యజమాని పూర్తి జీతమిచ్చి పెట్టుకున్న రెండు వందల మందిని బయటికి నెట్టారు. కుర్చీల మీద వేసుకునే చిన్న దిండ్లు చంకన పెట్టుకుని వాళ్ళు ఫుట్‌బాల్ మైదానంలోకి నడిచి వచ్చారు. మేమూ అక్కడే ఉన్నాం. వాళ్ళలో అందరికన్నా ముందు మపలేసా. పదకొండేళ్ళు ప్యాంట్లకు జేబులు కుట్టిన మనిషి.

"మా కుర్చీల వేడి ఆరకముందే కూర్చుంటారా మీరు?" అంది.

గేటు బయటి వాళ్ళలో నోరు గల పిల్ల తెబెల్లో. లేచి నిలబడింది. "పదకొండేళ్ళు కూర్చున్నావు గదా పిన్నీ! మేం మంచులో కొయ్యబారిపోతుంటే ఒక్కనాడైనా ఇటు చూశావా? ఇవాళ గుర్తొచ్చామా?"

"చూళ్ళేదు. తప్పే. చూస్తే భయమేసేదే తల్లీ! నడుం నొప్పంటే, 'బయట నాలుగొందల మంది ఉన్నారు, పిలవమంటావా?' అనేవాడు లెబొనా. మాకు మీరే బూచి."

"మా మొహాలు బాలేవులే, భయమెయ్యదా మరి!" అంది వెనక నుంచి ఎవరో. రెండు వైపులా నవ్వారు.

"ఏడాది తిరిగేసరికి సర్కారు సొమ్ము ఆగిపోద్ది" అంది మపలేసా. "అప్పుడు మిమ్మల్నీ ఇట్టాగే గెంటి, ఇంకో రెండొందల మందికి చీటీలు విసురుతాడు. నిరుద్యోగం తగ్గిందని రేడియోలో చెప్తారు. ఎవరికి తగ్గింది?"

"ఏడాదైనా తింటాం గదా! నా పిల్లలు ఉత్త జావ నీళ్ళు తాగుతున్నారు పిన్నీ. నీ మాటలు వాళ్ళకి పొయ్యనా?"

మపలేసా తన దిండు నేల మీద వేసుకుని కూర్చుని అంది: "మా చేత రోజుకి పదకొండు గంటలు కుట్టిస్తున్నారు. ఎనిమిదే కుట్టిస్తే మీక్కూడా కుర్చీలు వస్తాయి. ఆ మాట ఇన్నాళ్ళూ మేం అడగలేదు, మీరు లోపలికొచ్చేస్తారని. మీరూ అడగలేదు, మేం ఎప్పుడు పోతామా అని చూస్తా."

అప్పుడు గుడ్డ చుట్టిన చేత్తో పొలోకెంగ్ లేచింది. నా పేరు చెబుతుందనుకున్నాను.

"తొక్కిందెవరో నేను చెప్పను. విసిరిందెవరో మీకు తెలుసు" అని కూర్చుంది.

నేను లేచాను. "తొక్కింది నేనే" అన్నాను. చీటీ తీసి మపలేసా ఒళ్ళో పెట్టాను. ఇంకొకామె పెట్టింది. తర్వాత తెబెల్లో, ఏడుస్తూ, తిట్టుకుంటూ.

శుక్రవారం మంత్రి రిబ్బను కత్తిరించాడు. లోపలికి వెళ్ళింది తొమ్మిది మంది. మిగతా అందరం, పాతా కొత్తా కలిసి, రోడ్డు మీద కూర్చున్నాం. మేం అడిగింది మూడే: 'పాతవాళ్ళను తియ్యొద్దు, ఎనిమిది గంటలే పని, అందరికీ పూర్తి జీతం.' పోలీసులు కొట్టి లేపారు. సోమవారం మళ్ళీ కూర్చున్నాం.

మంగళవారం కొండల వైపు నుంచి లారీ వచ్చింది. మా సంగతి తెలియని ఊళ్ళ నుంచి అరవై మంది ఆడవాళ్ళను నింపుకొచ్చారు. డ్రైవరు పక్కన లెబొనా. మపలేసా ఒక్కతే లేచి రోడ్డు మధ్యకు నడిచింది. లెబొనా మీదికి చెయ్యెత్తలేదు. లారీ వెనక నిలబడ్డ వాళ్ళకు కనబడేలా రెండు చేతులూ పైకెత్తి, "అమ్మల్లారా, దిగండి! ఒక్క మాట వినండి!" అని అరిచింది.

"పోనియ్యరా, అదే తప్పుకుంటుంది!" అన్నాడు లెబొనా.

ఆమె తప్పుకోలేదు.

లారీ ఆగేసరికి అంతా అయిపోయింది. మపలేసా చక్రాల కింద ఉంది. పైనున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. అందులో ఒక ముసలామె తన కంబళి తీసి మపలేసా మీద కప్పింది.

"ఎక్కండి! ఎక్కకపోతే ఇక్కడే వదిలేసి పోతా!" అని లెబొనా కిటికీలోంచి కేకలేశాడు.

ముసలామె అతని వైపు చూడలేదు. "ఏం పని చేసేది ఈమె?" అని నన్నడిగింది.

"జేబులు కుట్టేది, పెద్దమ్మా. పదకొండేళ్ళు."

"ఏం చెప్పబోయింది మాకు?"

చెప్పాను. చీటీల దగ్గర నుంచి, నా కాలి దగ్గర నుంచి, అంతా చెప్పాను. పోలీసు జీపుల మోత దగ్గరవుతోంది. ఆమె తన వాళ్ళ వైపు తిరిగి చూసింది. ఎవరూ లారీ వైపు కదల్లేదు.

"మేమెక్కడ కూర్చోవాలి?" అంది.

జరిగి చోటిచ్చాం.