మ్యాటు మీద మ్యాటు

మా ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడిపేది. ఊళ్లో సగం మందికి కారు నేర్పింది తనే. మిగతా సగం గోడల్ని గుద్దుకుంటూ సొంతంగా నేర్చుకున్నారు. నాది పిండిమర. తను పోయాక స్కూలు మూతపడింది, కారు నాకు మిగిలింది. నేర్చుకునేవాళ్ల కారు కాబట్టి పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. ఆ సీట్లో కూర్చునే మా ఆవిడ నన్ను కూడా తిట్టింది, బతికినన్నాళ్లూ.

ఇప్పుడు ఆ సీట్లో మా అల్లుడు.

నాకు పరీక్ష. మొన్న కారు ఎడమ పక్క అద్దం గేటుకి తగిలి విరిగిందని అమ్మాయి పట్టుబట్టింది.

"ఒకసారి నడిపి చూపించు నాన్నా. ఆయన పక్కన కూర్చుని చూస్తారు. బాగోలేదంటే తాళాలు ఇచ్చెయ్యాలి."

తాళాలు ఇచ్చేస్తే రోజూ మరకి అల్లుడి స్కూటరు వెనక పోవాలి, నూకల సంచిలా. అంతకంటే నన్నే మరలో పోసి ఆడించండి అన్నాను.

పరీక్ష పెట్టేది ఎవరు? మా ఆవిడ దగ్గర నేర్చుకుని కూడా లైసెన్సు పరీక్ష తప్పి, మళ్లీ తప్పినవాడు. "వీడికి పిల్లనిద్దాం గానీ కారివ్వొద్దు" అని అప్పట్లో ఆవిడే అంది. మొదటిది ఎందుకు చేశామో నాకు ఇప్పటికీ తెలీదు.

ఎక్కి కూర్చోగానే కాళ్ల కింద ఏదో జారుడుగా తగిలింది. కొత్త రబ్బరు మ్యాటు.

"పొద్దున్నే వేశాను మావయ్యా. పాతది తియ్యనివ్వరు కదా అని దానిమీదే పరిచాను."

పాతది మా ఆవిడది. బురదకాళ్లతో ఎక్కుతున్నారని గుమ్మం ముందరి పీచు మ్యాటు తెచ్చి, కొలతకి కోసి వేసింది. అంచులన్నీ లేచిపోయాయి. దానిమీద చెయ్యి వేస్తే ఊరుకోనని ఇద్దరికీ ఎప్పుడో చెప్పాను.

"బెల్టు పెట్టుకున్నారా మావయ్యా?"

"కనపడట్లేదా?"

"అడగాలి కదా, పరీక్ష."

బజారు దాటాక రోడ్డు ఖాళీ అయింది. ముందు ఇటుకల ట్రాక్టరు నత్తలా పోతోంది. "దాటండి, చూద్దాం" అన్నాడు పెద్ద ఆఫీసరులా. గట్టిగా తొక్కి దాటాను. దాటి కాలు తీశాను. కారు మాత్రం తగ్గలేదు.

"మెల్లిగా నాన్నా" అంది వెనకసీట్లోంచి అమ్మాయి.

"నేను తొక్కట్లేదు."

"మరి ఎవరు తొక్కుతున్నారు?"

"మీ అమ్మ."

యాక్సిలరేటరు కిందకి దిగి అక్కడే ఉండిపోయింది. బొటనవేలు కింద పెట్టి ఎత్తబోయాను, కదల్లేదు. ఎదురుగా మలుపు. మలుపులో కూరగాయల బళ్లు, మనుషులు. అల్లుడు తనవైపు బ్రేకు మీద పడి తపతపా తొక్కడం మొదలుపెట్టాడు. వాడు తొక్కేకొద్దీ నా కాలి కింద బ్రేకు రాయిలా బిగిసిపోతోంది.

"బ్రేకుని పంపు కొట్టినట్టు కొట్టకురా!"

అల్లుణ్ణి రా అనడం అదే మొదటిసారి. అంత భయంలోనూ హాయిగా ఉంది.

వాడు బ్రేకు వదిలేసి తాళం మీద చెయ్యి వేశాడు. పరుగులో తాళం లాగితే స్టీరింగు బిగుసుకుంటుంది. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.

"తాళాలు ఇప్పుడే కావాలా నీకు?"

పెడల్ మొండికేస్తే దాన్ని బతిమాలకు, గేరు తీసి పడెయ్యి, బ్రేకు ఒక్కసారే తొక్కి చచ్చినా వదలకు అని మా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. క్లచ్చి తొక్కి గేరు తీశాను. ఇంజను గొంతు చించుకుంది. అరుపులు నాకు అలవాటే. రెండు కాళ్లతో బ్రేకు అదిమిపట్టాను. మొదటి బండికి జానెడు ఇవతల ఆగింది. అప్పుడు ఇంజను ఆపాను.

బండి దగ్గరి ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "టమాటాలు కావాలంటే దిగి అడగాలయ్యా."

అల్లుడికి అప్పుడు నోరొచ్చింది. "చెప్పానా? ఆయనకి ఏ పెడల్ ఏదో తెలీట్లేదు."

అమ్మాయి దిగొచ్చి, నా వైపు తలుపు తీసి వంగింది. రబ్బరు మ్యాటు ముందుకి జారి, మడతపడి, పెడల్‌ని పట్టుకుని ఉంది. లాగితే టప్పుమని వదిలింది.

"ఇది వేసింది మీరే కదండీ?"

"కింద ఆ పాతది లేకపోతే జారేదే కాదు."

నిజమే. కానీ ఆ నోటినుంచి వచ్చింది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

"రెండూ తీసేస్తున్నా" అంది అమ్మాయి. "అమ్మది కూడా. సరేనంటే తాళాలు నీవి. లేదంటే స్కూటరే."

"పారెయ్యకు."

"పారెయ్యను. కాళ్లెత్తు."

ఎత్తాను. పీచు మ్యాటు తీసి రోడ్డు పక్కన దులిపింది. ఎండిన మట్టి, నా మర పిండి కలిసి రాలాయి. కింద ఇనుము బోసిగా కనపడింది. కాసేపు అటు చూళ్లేదు.

"మీరు వెనక్కి వెళ్లండి" అంది మొగుడితో. వెళ్లాడు. రెండు మ్యాట్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తను వాళ్లమ్మ సీట్లో కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టింది.

"ఆ కాలు తియ్యి."

"తియ్యను. అద్దం చూసుకున్నావా? వెనకేం వస్తోంది?"

"ట్రాక్టరు."

"దాన్ని పోనియ్యి. మళ్లీ దాటితే చంపేస్తా."

పోనిచ్చాను. ఇంటిదాకా దాని వెనకే వచ్చాను, ఇటుకల దుమ్ము తింటూ, తిట్లు తింటూ. అల్లుడితో మాత్రం ఈరోజుకీ మాట్లాడను. రబ్బరు మ్యాటు మర గుమ్మంలో వేశాను. వచ్చేపోయేవాళ్లందరూ తొక్కుతున్నారు.