కాకి సినిమా ఆఖరి ఆట

కనకరాజు టికెట్టు చింపి సగం ప్రేక్షకుడి చేతిలో పెట్టాడు, మిగతా సగం రేకు డబ్బాలో వేశాడు. ఉప్పల్ రోడ్డు పక్కనున్న ఆ పాత సినిమా హాల్లో ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నిలబడి నిలబడి మోకాళ్ళు వాచిపోయాయి. కుడి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మందంగా తయారైంది. ఖాకీ చొక్కా మాత్రం ఏ రోజూ ఇస్త్రీ లేకుండా ఉండదు. అది భార్య వెంకటనర్సమ్మ పట్టుదల.

గేటు కాడి మనిషే గానీ ఆయనకూ ఒక హోదా ఉంది. నాచారం కంపెనీల్లో షిఫ్టు దిగినవాళ్ళు, చిల్కానగర్ ఆడవాళ్ళు, టికెట్టు కొనేముందు ఆయన్నే అడుగుతారు, "అన్నా, సిన్మా ఎట్లుంది?" అని. పోస్టరును నమ్మరు, ఫోన్లో రేటింగు చుక్కల్ని నమ్మరు. కనకరాజు పెదవి విరిస్తే బండి తిప్పుకుని పోతారు.

పోయిన శుక్రవారం కాకి సినిమా వచ్చింది. కంప్యూటర్లో చేసిన పిల్లల బొమ్మల సినిమా. ఒక తల్లి కాకి, దాని గూట్లో పెరిగిన కోయిల పిల్ల. కనకరాజు లోపలికి తొంగి కూడా చూడలేదు. అడిగినవాళ్ళందరికీ, "బొమ్మల సిన్మా. పైసలు దండుగ. వచ్చే వారం రాన్రి," అని చెప్పి పంపేశాడు.

ఇంట్లోనూ అదే మాట. వెంకటనర్సమ్మ రోజూ పిట్టగోడ మీద కాకులకు అన్నం పెట్టే మనిషి. పక్కింటి కౌసల్యమ్మ ఫోన్లో చూపిస్తే ఆ బొమ్మ కాకిని చూసి ముచ్చటపడింది. గుండె జబ్బుతో ఏడాదిగా గడప దాటనిది, నోరు తెరిచి అడిగింది.

"నన్నొక్కపారి తోల్కపోరాదు."

"కాకిని సూడనీకి హాలు దాంక ఎందుకే? గోడ మీద సూడు," అని నవ్వేశాడు.

మంగళవారం మ్యాట్నీలో ఎవరో సీటు విరిగిందంటే లోపలికి వెళ్ళాడు. తెర మీద వాన పడుతోంది. గూట్లో పిల్ల మొదటిసారి కూసింది. అది తన పిల్ల కాదని తల్లి కాకికి తెలిసిపోయింది. కాసేపు అట్లాగే చూసి, రెక్క విప్పి దాని మీద కప్పింది. ఈకలు ఒక్కొక్కటే తడిసి బరువెక్కుతున్నాయి. కనకరాజు సీటు సంగతి మరిచిపోయాడు. కళ్ళు తుడుచుకుంటే సిగ్గేసింది. అంతకు మించి తన నోటి మీద తనకే కోపం వచ్చింది. చూడకుండానే ఇంత మంచి సినిమాను చంపేశాడు.

ఆ రోజు నుంచి అడగనివాళ్ళకు కూడా సినిమా బాగుందని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

ఈ రోజు గురువారం. మ్యాట్నీకి మాత్రమే వేస్తున్న కాకి సినిమాకు ఇదే ఆఖరి ఆట, రేపు కొత్త బొమ్మ పడుతుంది. మధ్యాహ్నం వెంకటనర్సమ్మను ఆటోలో తీసుకొచ్చి గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె పెట్టెలోని పట్టుచీర కట్టుకుంది. ఆమె కాకుండా ఇంకో మొగుడూ పెళ్ళాం, వాళ్ళ పాప వచ్చారు. అంతే. పదిమందైనా లేకపోతే ఆట వేయకపోవడం ఆ హాలు పద్ధతి.

"ఓనర్ ఊకోడు కనకరాజూ. నేనేం జెయ్యాలె?" అన్నాడు మేనేజర్ ఉమాశంకర్, మొహం పక్కకు తిప్పుకుని.

కనకరాజు కుంటుకుంటూ బస్‌స్టాపుకు వెళ్ళి కనబడ్డవాళ్ళనల్లా బతిమాలాడు. నాచారం ఇంజనీరింగ్ షెడ్డులో పనిచేసే దయాకర్ నవ్వాడు.

"శుక్రవారం పిల్లల్ని దీస్కొని వస్తే నువ్వే గద వాపస్ తోలినవ్, అన్నా."

కనకరాజు హాలుకు తిరిగొచ్చేసరికి ఆ పాప ఏడుస్తూ వెళ్ళిపోతోంది.

వెంకటనర్సమ్మ "కథన్న జెప్పు," అంది. ఆయన బెంచీ ముందు నిలబడి చెప్పాడు. గూడు, కూత, వాన. చెయ్యి చాచి రెక్క ఎలా కప్పిందో చూపించాడు. ఆమె కళ్ళార్పకుండా విన్నది.

"ఆఖరికేమైతది?"

"ఎర్కలే. ఆఖర్ల నేను బయిట తలుపులు దెరుస్త గద."

"ముప్పై ఏండ్లు సిన్మాల్ల జేసి, ఒక్క కథ ఆఖరు తెల్వదు నీకు," అని ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయన భయపడి ఆటో పిలిచి ఇంటికి పంపాడు. సాయంత్రం ఆటకు గేటు వదిలి ఆమె వెంట వెళ్ళడానికి లేదు.

దీపాలు పెట్టే వేళకు కౌసల్యమ్మ ఫోన్ చేసింది. చాయ్ ఇద్దామని పోతే వెంకటనర్సమ్మ లేవలేదట. పడుకున్నది పడుకున్నట్టే పోయిందట. చేతిలో టికెట్లతోనే కనకరాజు ఇల్లు చేరాడు.

ఆమె ఇంకా ఆ పట్టుచీరలోనే ఉంది. హాలుకు పట్టుకెళ్ళిన చేతిసంచి తలగడ పక్కన అలాగే ఉంది. కౌసల్యమ్మ దాన్ని తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. లోపల ఇంటర్వెల్లో తినడానికి వేయించిన పల్లీలు, రెండు పొట్లాలు. పక్క సీట్లో ఆయన కూర్చుంటాడనే అనుకుంది పిచ్చిది. ఒక పొట్లం చప్పగా, ఆమెకు డాక్టరు చెప్పినట్టు. రెండోది ఆయనకు ఇష్టమైన వెల్లుల్లి కారంతో, కాగితానికి నూనె అంటి, దారం ముడి విప్పకుండా.