సామాన్యురాలి ఫిర్యాదు

భర్త పోయిన ఐదో నెలలో, ఒక మంగళవారం పొద్దున, లెక్కల టీచరమ్మ ఇంట్లో కంప్యూటరు కూడా కళ్ళు తెరవలేదు. అందులో ఆయన గొంతు ఉంది. ఆయనా మాస్టారే. జ్వరంతో బడికి వెళ్ళలేని రోజు పిల్లల కోసం చదివిపెట్టిన పాఠం, పదకొండు నిమిషాలు. మధ్యలో ఒకసారి దగ్గి, "ఆగండర్రా" అంటాడు. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట.

మరిది వచ్చి విండోస్ తీసేసి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేశాడు. అతనికి తలనొప్పికైనా లినక్సే మందు. ఫైళ్ళన్నీ చెక్కుచెదరకుండా దక్కించాడు, ఆ పుణ్యం ఒప్పుకోవాలి. శబ్దమే రాలేదు. ఆ పాతకాలపు ఫైలు ఫోనులో తెరుచుకోదు.

ఆదివారం ఆమెను తమ సంఘానికి తీసుకెళ్ళాడు. సైకిల్ షాపు మేడ మీద గది. లినక్స్‌ను సామాన్యులకు సులువు చేయడం వాళ్ళ ఆశయం. ఆరేళ్ళుగా సులువు చేస్తూనే ఉన్నారు గానీ, ఒక్క సామాన్యుడూ ఆ మెట్లెక్కలేదు. అందుకని ఆమెకు కొత్త అల్లుడికి వేసినట్టు కుర్చీ వేశారు.

కంప్యూటరు తెర మీద కిటికీ మూసే గుర్తు ఎడమవైపుండాలా, కుడివైపా అని మధ్యాహ్నందాకా కొట్టుకున్నారు. ఆమె రెండుసార్లు శబ్దం సంగతి కదిపింది. అది వచ్చే నెల చర్చకు వస్తుందట. ఈలోగా అక్షరాలు పెద్దవి చేశారు, చెత్తబుట్ట బొమ్మకు మూత పెట్టారు. చెవి వినపడటంలేదంటే కమ్మలు తొడిగే వైద్యం.

ఆ వారమంతా ఆమె మరిదికి ఫోను చేసి, అతను చెప్పిన కమాండ్లు నోటుబుక్కులో రాసుకుని, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టింది. ఏడు వరుసలు. స్పీకరు ఒకసారి గుర్రుమని మళ్ళీ ఊరుకుంది.

తరువాతి ఆదివారం నోటుబుక్కు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. సంఘం అధ్యక్షుడు, రిటైరైన పోస్టుమాస్టరు, పేజీలు తిప్పి చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు కమాండ్లు కొట్టారు. ఇక సామాన్యులు కారు. మీ ఫిర్యాదు సామాన్యుల పుస్తకంలో ఎక్కించడానికి వీల్లేదు."

"ఎదిగావు వదినా, సంతోషించు," అన్నాడు మరిది.

"ఎదగడానికి రాలేదు నాయనా. మీ అన్నయ్య గొంతు వినడానికొచ్చాను."

 అధ్యక్షుడు ఆమెను సులభీకరణ ఉపసంఘంలో సభ్యురాలిగా ప్రతిపాదించాడు. అందరూ చేతులెత్తారు. మరిది తల దించుకునే చెయ్యెత్తాడు.

కిటికీ గుర్తు కుడివైపున ఖాయమైంది. ఆ పాఠం ఇంకా వినపడలేదు.